డెక్ మీద దిగినవి, దళంలో చేరనివి

1991 అక్టోబరు 5న సోవియట్ ఉత్తర నౌకాదళానికి చెందిన అడ్మిరల్ గోర్ష్‌కోవ్ నౌక మీదికి యాక్-141 యుద్ధవిమానం రెండో నమూనా నిట్టనిలువునా దిగుతోంది. దిగే వేగం కాస్త ఎక్కువైంది. చక్రాలు డెక్‌ను బలంగా గుద్దాయి, ఇంధన ట్యాంకు చిట్లింది, మంటలు లేచాయి. పైలట్ వ్లదీమిర్ యాకిమోవ్ సీటుతో సహా పైకెగిరి సముద్రంలో పడ్డాడు. ఆయన్ని క్షేమంగా బయటికి తీశారు. యాక్-141 మాత్రం ఆ తర్వాత నౌకాదళంలో చేరనే లేదు.

2020 జనవరి 11న అరేబియా సముద్రంలో అదే ఓడ మీద మన తేజస్ నౌకా నమూనా దిగింది. అప్పటికి ఓడ పేరు మారింది, రూపూ మారింది. పుట్టినప్పుడు బాకూ, తర్వాత గోర్ష్‌కోవ్. ముందుభాగంలో క్షిపణులుండే చోట వాటిని పీకేసి, ముక్కు దగ్గర పైకి వంపు తిరిగిన స్కీ జంప్ కట్టి, 2013 నవంబరులో రష్యా మనకు అప్పగించాక ఐఎన్ఎస్ విక్రమాదిత్య. కమొడోర్ జైదీప్ మావ్లంకర్ నడిపిన విమానం హుక్ డెక్ మీది తీగకు తగులుకుంది, విమానం నిలిచింది. మర్నాడు స్కీ జంప్ మీంచి గాల్లోకి లేచింది. అప్పుడు డీఆర్‌డీఓ అధిపతి నెల్లూరు జిల్లావాసి జి. సతీశ్ రెడ్డి కావడంతో తెలుగువాళ్లకు ఆ వార్త ఇంకాస్త దగ్గరగా అనిపించింది.

ఒకటి డెక్ పరీక్షలో తప్పింది, ఇంకోటి మంచి మార్కులతో గట్టెక్కింది. ఫలితం మాత్రం రెండింటికీ ఒకటే. తేజస్ నౌకా విమానం కూడా ఈనాటికీ ఏ స్క్వాడ్రన్‌లోనూ లేదు, ఉండబోదు కూడా. ఓడల మీంచి ఎగరడానికని తయారై, నమూనా దశలోనే ఆగిపోయిన విమానాల జాబితా పొడవైనదే. వాటి గురించి రాసేవాళ్లు మామూలుగా మూడు కారణాలు చెబుతారు: బరువు ఎక్కువైంది, రాజకీయం అడ్డుపడింది, డబ్బు చాలలేదు. మూడూ నిజమే. అయితే ఆ కథలన్నీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు కనబడేది వేరు. డెక్ మీద దిగడమన్నది ఈ విమానాల జాతకాన్ని తేల్చిన సందర్భాలు చాలా తక్కువ. దిగేనాటికే వాటి సంగతి ఎక్కడో తేలిపోయి ఉంటుంది. విమానం తయారవుతున్న పది పదిహేనేళ్లలో అది ఎక్కాల్సిన ఓడ, ఎదుర్కోవాల్సిన శత్రువు, దాన్ని అడిగిన నేవీ మనసు, వీటిలో ఏదో ఒకటి మారుతుంది. విమానం మాత్రం మొదట గీసిన గీతల్లోనే ఉండిపోతుంది.

అలాగని డెక్ పని తేలికని కాదు. అక్కడ ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూస్తేనే బరువు గొడవ అర్థమవుతుంది. నేల మీద దిగే పైలట్ రన్‌వే దగ్గరపడగానే ముక్కు కొంచెం ఎత్తి, విమానాన్ని తేలించి, మెల్లగా చక్రాలు ఆనిస్తాడు. ఓడ మీద ఆ మర్యాద కుదరదు. వాలుగా వచ్చిన దారిలోనే చివరిదాకా వచ్చి డెక్‌ను గుద్దాల్సిందే. సెకనుకు ఆరేడు మీటర్ల వేగంతో కిందికి పడుతున్న విమానం మొత్తం బరువు చక్రాల కాళ్ల మీద పడుతుంది. ఆ క్షణంలోనే పైలట్ ఇంజను తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు. ఎందుకంటే తోక కింది హుక్ తీగకు తగలకపోతే మిగిలిన కొద్దిపాటి డెక్ మీంచే మళ్లీ గాల్లోకి లేవాలి. తగిలితే గంటకు 240 కిలోమీటర్ల వేగం 90 మీటర్లలో సున్నాకు వస్తుంది. ఆ లాగుడంతా హుక్ దగ్గర మొదలై విమానం నడుము గుండా ముక్కుదాకా పాకుతుంది.

అందుకని కాళ్లు లావు చేయాలి, నడుము గట్టిపరచాలి, హుక్ పెట్టాలి, దిగేముందు మిగులు ఇంధనం పారబోసే ఏర్పాటు కావాలి. తేజస్ లాంటి డెల్టా రెక్క విమానం నెమ్మదిగా వచ్చేటప్పుడు ముక్కు బాగా పైకెత్తి వస్తుంది. అప్పుడు పైలట్‌కు ఎదురుగా డెక్ కనబడదు. కాబట్టి నౌకా తేజస్ ముక్కును కిందికి వంచారు, రెక్క మొదట్లో కదిలే చిన్న పలకలు అమర్చారు. ఇలా చేర్చిన ప్రతి కిలోకూ రెండుసార్లు మూల్యం చెల్లించాలి. ఎగిరేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి. రెండోదాన్ని బయటివాళ్లు పెద్దగా పట్టించుకోరు. గస్తీకి వెళ్లిన విమానం పదిసార్లలో తొమ్మిదిసార్లు క్షిపణి పేల్చకుండానే తిరిగొస్తుంది. ఆ క్షిపణులతో సహా దిగేంత వెసులుబాటు లేకపోతే కోట్ల రూపాయల సరుకును సముద్రంలో వదిలేసి రావాలి. నౌకా విమానాన్ని కొనేవాళ్లు ముందు అడిగేది, ఎంత మోసుకెళ్తుందని కాదు, ఎంత వెనక్కి తెస్తుందని.

ఈ మొత్తం వ్యవహారంలో పాఠ్యపుస్తకంలాంటి కథ అమెరికా ఎఫ్-111బిది. 1961లో రక్షణమంత్రి రాబర్ట్ మెక్‌నమారా ఒక లెక్క వేశారు. వైమానిక దళానికి తక్కువ ఎత్తులో దూసుకెళ్లి బాంబులేసే విమానం కావాలి, నౌకాదళానికి ఆకాశంలో గంటల తరబడి కాపుకాసి దూరపు క్షిపణులతో బాంబర్లను కూల్చే విమానం కావాలి. రెండింటికీ ఒకటే విమానం చేస్తే ఖర్చు కలిసొస్తుంది కదా అన్నారు. ఫోర్డ్ కార్ల కంపెనీ నుంచి వచ్చిన మనిషికి అది సహజమైన ఆలోచనే. కాంట్రాక్టు జనరల్ డైనమిక్స్‌కు ఇచ్చారు, నేవీ రూపాన్ని గ్రుమన్ తయారు చేసింది. 1965 మేలో అది మొదటిసారి ఎగిరింది. మొత్తం ఏడు తయారయ్యాయి.

నేవీ కోరింది 25 టన్నులకు మించని విమానం. వచ్చింది ఆయుధాలు, ఇంధనంతో 30 టన్నులు దాటింది. ఇద్దరు సిబ్బంది పక్కపక్కన కూర్చునే వెడల్పాటి కాక్‌పిట్, ప్రమాదంలో కాక్‌పిట్ మొత్తం పెట్టెలా విడిపోయే ఏర్పాటు, వీటన్నింటి మధ్య దిగేటప్పుడు డెక్ సరిగా కనబడదన్న ఫిర్యాదు. 1968లో సెనెట్ సంఘం ముందు వైస్ అడ్మిరల్ టామ్ కానలీ నిలబడి, ఈ విమానాన్ని గట్టెక్కించేంత తోపుడు బలమున్న ఇంజను క్రైస్తవ లోకంలోనే లేదన్న అర్థంలో చెప్పిన మాట అమెరికన్ నౌకాదళంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పై అధికారి ఇష్టానికి ఎదురుగా చెప్పిన ఆ మాటతో ఆయన నాలుగో నక్షత్రం పోయిందని కూడా అంటారు. ఆ ఏడాది మేలో కాంగ్రెస్ డబ్బు ఆపేసింది.

ఆసక్తికరమైన ముక్క ఆ తర్వాతిది. డబ్బు ఆగిపోయాక, 1968 జులైలో, ఒక ఎఫ్-111బి కోరల్ సీ అనే నౌక మీద పరీక్షలకు వెళ్లింది. శుభ్రంగా దిగింది, శుభ్రంగా ఎగిరింది. చెప్పుకోదగ్గ ఇబ్బందేమీ రాలేదు. ఆ పరీక్ష ఫలితం చూసి ఎవరూ మనసు మార్చుకోలేదు.

మరి బరువే దోషమా? దాని స్థానంలో గ్రుమన్ చేసిన ఎఫ్-14 టామ్‌క్యాట్‌ను చూద్దాం. దాని గరిష్ఠ బరువు 33 టన్నుల దాకా ఉంది! ఎఫ్-111బి నుంచి అదే టీఎఫ్30 ఇంజను, అదే పెద్ద రాడార్, అవే ఫీనిక్స్ క్షిపణులు, అదే కోణం మార్చుకునే రెక్క ఆలోచన తీసుకుంది. తేడా ఖాళీ బరువులో ఉంది. ఎఫ్-111బి ఒట్టిగానే 21 టన్నులు, ఎఫ్-14 దాదాపు 18. ఆ మూడు టన్నుల తేడా తిరిగొచ్చి దిగేటప్పుడు అక్కరకొస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది, ఎఫ్-14ను మొదటి గీత నుంచీ ఒకే యజమాని కోసం గీశారు. రెండు దళాలు కాక్‌పిట్ కొలతల దగ్గర నుంచి కొట్లాడుకున్న విమానం కాదది. అలాగని మెక్‌నమారాను పూర్తిగా తప్పుపట్టలేం. ఆయన హయాంలోనే నేవీ కోసం తయారైన ఫాంటమ్‌ను వైమానిక దళం చేత కొనిపించారు, అది అద్భుతంగా పనిచేసింది. ఓడ మీద పుట్టినది నేల మీద బతికేస్తుంది. నేల మీద పుట్టినదాన్ని ఓడెక్కించడమే కష్టం.

ఫాంటమ్ మాటొచ్చింది కాబట్టి దానితో పోటీపడి ఓడిన విమానం గురించి చెప్పకపోతే అన్యాయం. వాట్ కంపెనీ చేసిన ఎక్స్‌ఎఫ్8యు-3, క్రూసేడర్ 3 అని పిలిచేవారు. 1958 మే ఆఖర్లో ఫాంటమ్ మొదటిసారి ఎగిరితే, ఇది వారం తిరక్కుండా జూన్ 2న ఎగిరింది. ఒకే ఇంజను, ఒకే పైలట్, శబ్దానికి రెట్టింపును మించిన వేగం. విన్యాసాల్లో ఫాంటమ్‌కు అందదు. ఓడిపోయాక నాసా తీసుకున్న క్రూసేడర్లు పరిశోధనకని ఎగురుతూ, దారిలో కనబడ్డ నేవీ ఫాంటమ్‌లతో సరదా పోరాటాలకు దిగి వాటిని గెలిచేవని, చివరికి నేవీ ఫిర్యాదు చేసి ఆపించిందని కథ. ఇంత మంచి విమానాన్ని ఎందుకు వదిలారు? సముద్రం మీద రెండు ఇంజన్లుంటే ఒకటి ఆగినా ఇల్లు చేరొచ్చు. ఆ రోజుల రాడార్ క్షిపణులను నడిపించడానికి వెనక సీట్లో ఇంకో మనిషి కావాలి. పైగా ఫాంటమ్ బాంబులు కూడా మోస్తుంది. ఇక్కడ దోషం విమానంలో ఎంత వెతికినా దొరకదు. నేవీకి కావలసిన పని మారిపోయింది, అంతే.

ఇంజను దొరక్క పోయినవీ ఉన్నాయి. గ్రుమన్ జాగ్వార్, ఎక్స్‌ఎఫ్10ఎఫ్, 1952లోనే ఎగురుతుండగా రెక్క కోణం మార్చుకునే విమానం. వెస్టింగ్‌హౌస్ జె40 ఇంజను మాటిచ్చిన బలం ఇవ్వలేదు, విమానాన్ని అదుపు చేయడమూ కష్టమైంది. ఎగిరింది ఒక్కటే, నడిపింది ప్రధానంగా ఒక్కడే, కోర్కీ మేయర్. 1953లో ఆపేశారు. ఆ ఒక్క ఇంజను అప్పట్లో ఇంకొన్ని నేవీ విమానాల కొంపా ముంచింది.

ఓడ లేక పోయినవి మరీ విచిత్రం. రెండో ప్రపంచయుద్ధం చివర్లో డగ్లస్ కంపెనీ నాలుగు టార్పెడోలు మోసే స్కైపైరేట్ అనే భారీ విమానాన్ని మిడ్‌వే తరగతి పెద్ద నౌకల కోసం గీసింది. 1945 మార్చిలో అది ఎగిరేసరికి అలాంటి నౌక ఒక్కటీ నౌకాదళంలో చేరలేదు, ఉన్న నౌకలకు అది పెద్దదైంది, యుద్ధమేమో ముగింపుకొచ్చింది. అదే నెలలో అదే కంపెనీ ఎగిరించిన చిన్న, మామూలు విమానం స్కైరైడర్ కొరియా, వియత్నాం యుద్ధాల దాకా పనిచేసింది. ఇక 1970ల్లో రాక్‌వెల్ చేసిన ఎక్స్‌ఎఫ్‌వి-12 కథ ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం లాంటిది. చిన్న చిన్న నౌకల మీంచి నిలువుగా లేచి, శబ్దాన్ని మించి ఎగరాలన్నది ఊహ. ఇంజను గాలిని రెక్కల్లోని చీలికల గుండా కిందికి పంపితే చుట్టుపక్కల గాలి కూడా కలిసి బలం పెరుగుతుందని ప్రయోగశాల లెక్క. 1978లో నాసా వాళ్లు తాళ్లతో కట్టి లేపి చూస్తే తన బరువులో ముప్పాతిక వంతే లేపగలిగింది. అప్పటికే ఆ చిన్న నౌకల పథకాన్నే అటకెక్కించేశారు.

మళ్లీ యాక్-141 దగ్గరికి వద్దాం, ఎందుకంటే డెక్ ప్రమాదమే దాన్ని చంపిందని చాలామంది రాస్తారు. నేనలా అనుకోవడం లేదు. విమానం మంచిదే. వెనక ప్రధాన ఇంజను గొట్టం కిందికి తిరుగుతుంది, కాక్‌పిట్ వెనక రెండు చిన్న ఇంజన్లు నిలువుగా పైకి లేపుతాయి. 1987లో మామూలుగా ఎగిరింది, 1989 చివర్లో గాల్లో నిలిచింది, 1991 సెప్టెంబరులో గోర్ష్‌కోవ్ మీద దిగింది. ప్రమాదం జరిగింది ఆ తర్వాత రెండు వారాల్లోపే. అదే ఏడాది డిసెంబరులో దానికి డబ్బిచ్చే దేశమే లేకుండా పోయింది. నమూనా విమానాలు కూలడం కొత్త కాదు. ఎఫ్-14 మొదటి నమూనా రెండో ఎగురుడులోనే కూలింది, అయినా వందల సంఖ్యలో తయారైంది. కొనేవాడు మిగిలుంటే ప్రమాదం ఒక అధ్యాయమే అవుతుంది. యాక్‌కు ఆ కొనేవాడు మిగల్లేదు. తర్వాత లాక్‌హీడ్ కంపెనీ యాకవ్లెవ్ సంస్థతో ఒప్పందం చేసుకుని ఆ సమాచారం కొనుక్కుంది. ఎఫ్-35బి వెనక గొట్టం దాన్నుంచే వచ్చిందని రష్యన్లు గర్వంగా చెప్పుకుంటారు. అలాంటి గొట్టం మీద అమెరికాలో కాన్‌వేర్ వాళ్లు అంతకుముందే పనిచేశారన్నది కూడా నిజం. వారసత్వం ఏదో కొంత ఉండొచ్చు, నకలు అనడానికి ఆధారం చాలదు.

అదే సోవియట్ పతనంలో చచ్చి మళ్లీ లేచినది మిగ్-29కె. 1989 నవంబరు 1న తిబిలిసి అనే నౌక మీద సుఖోయ్, మిగ్ నౌకా నమూనాలు రెండూ దిగాయి. సుఖోయ్ నడిపింది విక్టర్ పుగచోవ్, మిగ్ నడిపింది తోక్తార్ అవుబాకిరోవ్. ఇద్దరూ పాసయ్యారు. డబ్బు ఒకరికే సరిపోయింది, సుఖోయ్‌కి ఇచ్చారు. మిగ్ నౌకా నమూనాలు రెండూ మూలన పడ్డాయి. 2004లో మనం గోర్ష్‌కోవ్‌ను కొన్నప్పుడు దానిమీద పట్టే విమానం కావాల్సొచ్చి 16 మిగ్‌లకు, 2010లో మరో 29కి ఆర్డరిచ్చాం. పదేళ్లకు పైగా షెడ్డులో ఉన్న నమూనాను మన డబ్బుతో బతికించామన్నమాట. దానికి మనం చెల్లించిన మూల్యం 2016 కాగ్ నివేదికలో ఉంది. ఇంజన్లలో లోపాలు, డెక్ మీద దిగే కుదుపుకు పరికరాలు చెడడం, ఒంటిసీటు మిగ్‌లు ఎగరడానికి సిద్ధంగా ఉన్న శాతం 16 నుంచి 38 మధ్యే ఊగిసలాడడం. డెక్ పరీక్ష పాసైన విమానమే అది. ఒకసారి దిగడానికీ, రోజూ దిగుతూ ఏళ్ల తరబడి చాకిరీ చేయడానికీ మధ్య ఎంత దూరముందో ఆ అంకెలే చెబుతాయి.

ఇంత నేపథ్యంతో చూస్తే మన నౌకా తేజస్ కథ కొత్తగా ఏమీ అనిపించదు. తేలికపాటి యుద్ధవిమాన పథకం 1983లో వైమానిక దళం కోసం మొదలైంది. ఇరవై ఏళ్ల తర్వాత, 2003లో, దాని నౌకా రూపానికి అనుమతి వచ్చింది. రెండు సీట్ల ఎన్‌పి-1 బెంగళూరు షెడ్డులోంచి 2010 జులైలో బయటికొచ్చి 2012 ఏప్రిల్ 27న ఎగిరింది. ఒంటిసీటు ఎన్‌పి-2 2015 ఫిబ్రవరిలో ఎగిరింది. గోవాలోని ఐఎన్ఎస్ హంసలో ఓడ డెక్‌ను పోలిన స్కీ జంప్‌నూ, తీగలనూ నేల మీదే కట్టారు. 2014 డిసెంబరులో అక్కడ వంపు మీంచి మొదటిసారి ఎగిరింది, 2019 సెప్టెంబరులో తీగ పట్టుకుని ఆగింది. ఆ తర్వాత విక్రమాదిత్య, 2023 ఫిబ్రవరి 6న కొత్త విక్రాంత్.

ఈ తేదీల మధ్యలో ఇంకో తేదీ ఉంది. 2016 డిసెంబరు మొదట్లో నౌకాదళ దినోత్సవ సందర్భంగా అప్పటి అధిపతి అడ్మిరల్ సునీల్ లాంబా, తేజస్ ఓడ మీంచి పనిచేయడానికి బరువెక్కువని, నేవీ అవసరాలకు సరిపోదని బహిరంగంగా చెప్పారు. మరుసటి నెలలోనే 57 విమానాల కోసం విదేశీ కంపెనీలకు విచారణ లేఖలు వెళ్లాయి. అంటే 2020లో డెక్ మీద దిగేనాటికి ఈ విమానాన్ని కొనేది లేదని తేలిపోయి మూడేళ్లు దాటింది. కోరల్ సీ మీద దిగిన ఎఫ్-111బి పరిస్థితి కూడా ఇదే.

లాంబా మాట మీద అప్పట్లో చాలా రభస జరిగింది. నేవీ వెన్నుపోటు పొడిచిందన్నవారున్నారు. నా లెక్కలో నేవీదే సరైన మాట. తేజస్‌కున్నది ఒకే ఎఫ్404 ఇంజను, మంట పెంచితే ఇచ్చే తోపుడు బలం ఎనిమిదిన్నర టన్నులు. మన ఓడల మీద విమానాన్ని విసిరే క్యాటపుల్ట్ లేదు. రెండొందల మీటర్లు పరిగెత్తి, వంపు ఎక్కి, సొంత ఇంజను బలంతోనే లేవాలి. వైమానిక దళపు చిన్న శరీరంలో చక్రాల కాళ్లు పొట్టలోకి ముడుచుకుంటాయి. వాటినే లావు చేయాల్సొచ్చింది. ఇంతకుముందు మన దేశంలో ఎవరూ చేసి చూపని పని కాబట్టి డిజైనర్లు భయంతో అవసరానికి మించే గట్టిచేశారు, కొన్ని వందల కిలోలు అలా పెరిగాయి. ఇక మిగిలిన వెసులుబాటులో ఇంధనం నింపితే ఆయుధాలు తగ్గించాలి, ఆయుధాలు పెంచితే ఇంధనం తగ్గించాలి.

నేల మీదైతే బలహీన విమానాలు రెండింతలు కొని సర్దుకోవచ్చు. ఓడ మీద ఆ వీలుండదు. విక్రాంత్ మీద హెలికాప్టర్లతో కలిపి ముప్పై చిల్లర పడతాయి. అక్కడ ఒక చోటు ఆక్రమించిన ప్రతి విమానం ఇంకో మెరుగైన విమానాన్ని ఒడ్డున నిలబెట్టినట్టే. సీ హారియర్ కూడా చిన్నదే, పరిమితమైనదే కదా, 1983 నుంచి 2016 దాకా పనిచేయలేదా అని అడిగేవాళ్లున్నారు. పనిచేసింది, ఎందుకంటే విరాట్ నౌక మీద దిగగలిగిన జెట్ యుద్ధవిమానం అదొక్కటే. 2016కి ఆ పరిస్థితి లేదు.

నేను నిందించాల్సొస్తే నిందించేది 2003 నాటి మాటను. ఆ పథకాన్ని దళంలో చేరబోయే విమానంగా దేశం ముందు పెట్టారు. నేర్చుకోవడానికి రెండు విమానాలు చేస్తున్నాం, వీటిని కొనం అని అప్పుడే చెప్పి ఉంటే ఇంత తిట్లూ ఉండేవి కావు, ఇంత ఆశా ఉండేది కాదు. నిజానికి జరిగింది అదే. వంపు మీంచి విమానం వదలగానే ముక్కు ఎంత ఎత్తాలో కంప్యూటరే చూసుకునే ఎగురుడు పద్ధతి, దిగే దారిని నిలకడగా పట్టే నియంత్రణ, డెక్‌ను గుద్దినప్పుడు కాళ్ల మీద పడే బరువుల అసలు కొలతలు, ఇవి డబ్బిచ్చినా ఏ దేశమూ చెప్పదు. గోవాలో ఆ స్కీ జంప్ ఉండబట్టే 2022లో విదేశీ విమానాలైన రఫేల్-ఎం, సూపర్ హార్నెట్ రెండూ అక్కడికొచ్చి పరీక్షకు నిలబడ్డాయి. కొనేముందు అమ్మేవాణ్ని మన రన్‌వే మీద పరీక్ష పెట్టగలిగే స్థితి మనకు కొత్త.

ఆగిపోయిన నమూనాల నుంచి లాభం ఎలా వస్తుందన్నదానికి మన నేవీ చరిత్రలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. ఫ్రాన్సులో బ్రెగే కంపెనీ 1951లో వల్చర్ అనే విచిత్ర విమానం ఎగిరించింది. ముక్కులో ప్రొపెల్లర్ తిప్పే ఇంజను, తోకలో జెట్. రెండు తయారయ్యాయి, దళంలో చేరలేదు. జెట్ పీకేసి, ఆ గీతలనే దిద్ది, జలాంతర్గాములను వేటాడే అలీజే విమానం చేశారు. ఆ అలీజేలు మన పాత విక్రాంత్ మీదికొచ్చాయి. 1971లో విశాఖ కేంద్రంగా ఏర్పడిన తూర్పు నౌకాదళంలో విక్రాంత్ బంగాళాఖాతంలో నిలిచి, సీ హాక్‌లతో పాటు ఈ అలీజేలనూ చిట్టగాంగ్, కాక్స్ బజార్ వైపు పంపింది. అమెరికా ఎక్స్-47బి కథ కూడా ఇలాంటిదే. మనిషి లేకుండా 2013 జులైలో నౌక మీద తీగ పట్టుకుని ఆగి చరిత్ర సృష్టించింది, 2015లో గాల్లోనే ఇంధనం నింపుకుంది. యుద్ధవిమానంగా దాన్ని కొనలేదు. అందులోంచి పుట్టిన ఆలోచన ఇంధనం మోసే ఎంక్యూ-25 అయింది. నా మట్టుకు నాకిది కాస్త చిన్నచూపుగానే కనిపిస్తుంది, అంత పని నేర్చినదాన్ని ట్యాంకరు దగ్గర ఆపేశారని.

తేజస్ నేర్చినదాన్ని ఇప్పుడు టెడ్‌బెఫ్ అనే కొత్త నౌకా విమానంలో పెడతామంటున్నారు. రెండు ఇంజన్లు, ముడుచుకునే రెక్కలు, 26 టన్నుల బరువు, మొదటి గీత నుంచీ ఓడ కోసమే. 2021 బెంగళూరు ప్రదర్శనలో దాని చిన్న నమూనా పెట్టారు. ఎఫ్-111బి నుంచి ఎఫ్-14కు వెళ్లిన దారి ఇదే కాబట్టి దిశ సరైనదే. ఈలోగా ఖాళీ పూరించడానికి 2025 ఏప్రిల్‌లో సుమారు 63,000 కోట్ల రూపాయలకు 26 రఫేల్-ఎంలు కొన్నాం. రఫేల్‌కు మొదటి నుంచీ ఫ్రెంచి నేవీ అవసరాలు తెలుసు. యూరోఫైటర్ కూటమి నుంచి 1985లో ఫ్రాన్సు బయటికొచ్చిన కారణాల్లో ఓడ మీద పట్టే తేలిక విమానం కావాలన్న పట్టు ఒకటి. అందుకే దాని నేల రూపానికీ నౌకా రూపానికీ తేడా కొన్ని వందల కిలోలే. అయినా రఫేల్‌కు రెక్కలు ముడవవు, విక్రాంత్ లిఫ్టులేమో మిగ్ కొలతలకు కట్టినవి. ఓడకూ విమానానికీ మధ్య ఈ పేచీ ఇంకొన్నేళ్లు నడుస్తుంది.

టెడ్‌బెఫ్ విషయంలో అడగాల్సింది ఎప్పుడెగురుతుందని కాదు, ఏ ఓడ మీంచి ఎగురుతుందని. అది దళంలో చేరే నాటికి విక్రమాదిత్య ముసలిదైపోతుంది. మూడో విమానవాహక నౌక ఎలా ఉండాలో ఇంకా తేలలేదు. మళ్లీ స్కీ జంప్‌తో కడితే విమానానికి కావలసింది తోపుడు బలం. క్యాటపుల్ట్‌తో కడితే ముక్కు చక్రాన్ని ఈడ్చి విసిరే లాగుడును తట్టుకునేలా ముందుభాగమంతా వేరుగా గీయాలి, దాని బరువు వేరు. బెంగళూరు డిజైనర్లు ఆ జవాబు రాకుండానే గీతలు గీయాల్సి వస్తోంది. ఆ జవాబు చెప్పాల్సింది నౌకాదళం, దానికి డబ్బివ్వాల్సింది ఢిల్లీ.